గిన్నె అడుగు మసి

ఈ ఉదయం అన్నం గిన్నె దించితే అడుగంతా మసి. మా చిన్నప్పటి సిగిడీ, అదే బొగ్గుల కుంపటి, గుర్తొచ్చింది.

మన డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పొద్దున్నే ఇంటింటి ముందూ బొగ్గుల సిగిడీ పొగ. ఆ మసి తోమీ తోమీ మా అమ్మ గోళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. నాన్న గ్యాసు పొయ్యి కొందామంటే, అమ్మ గంజి వార్చే గిన్నె చంకన పెట్టుకుని మరీ బయల్దేరింది. దుకాణంలో ఒక్కో పొయ్యి మీదా ఆ గిన్నె పెట్టి కదిపి చూసింది.

సేఠ్ నవ్వాడు. "మాతాజీ, చావల్ కూడా తెచ్చారా?"

"చావల్ నువ్వే ఇయ్యి భయ్యా, అన్నం వండి పెట్టేసి పోతాను," అంది అమ్మ.

గిన్నె ఊగని పొయ్యే కొన్నాం. ఇంటికొచ్చి వెలిగిస్తే మంట పసుపుగా వచ్చింది. వర్క్‌షాపులో పనిచేసే నాన్న, పొయ్యి కిందున్న గాలి రింగు నా చేతే కొంచెం కొంచెంగా తిప్పించాడు.

"నీలంగా వచ్చిందా అమ్మా? అంతే, ఇంక మసి పట్టదు," అన్నాడు.

ఆ పని నేను మా అమ్మాయికి నేర్పాను. తర్వాత మా ఇంట్లో పొయ్యి సంగతంతా తనే చూసుకునేది. నాలుగు నెలల కింద జ్వరంతో పోయింది నా బంగారుతల్లి.

ఇప్పుడు మంట మళ్ళీ పసుపుగా వస్తోంది.

"ఆ రింగు కాస్త తిప్పవే," అంటారు మా ఆయన.

ఒక్క నిమిషం పని, నాకు చేతనవును. కానీ ఆ రింగు చివరిసారి తిప్పింది నా బిడ్డ చెయ్యి. ముట్టుకోలేకపోతున్నాను. మా అమ్మలాగే రోజూ కూర్చుని మసి తోముకుంటున్నాను.