మగ్గం గుంటకు కరెంటు వెచ్చదనం

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు అరవై దగ్గర పడ్డాయి. అంటే నా లెక్కన ఇంకా వయసులోనే ఉన్నాను. ఇంట్లో నేనొక మాటంటే రెండో మాట ఉండేది కాదు. చదివింది మూడో తరగతే అయినా, నాకు తెలియనిది ఒకటుందని ఆ రోజుల్లో ఒప్పుకున్నట్టు జ్ఞాపకం లేదు. అప్పుడే భువనగిరి దగ్గరి మా పాత పెంకుటిల్లు బాగు చేయిస్తున్నాం. నేసేటప్పుడు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటలో, చలికాలం వస్తే ఇంటాయనకు కాళ్లు కొయ్యబారేవి. గుంట పూడ్చి బండలు పరిపిద్దాం, ఇక నేత చాలు అని కొడుకు పట్టుబట్టాడు. మగ్గం పోతే ఆ మనిషి పొద్దంతా ఏం చేస్తాడు? (నా వంటకు వంకలు పెడతాడు, ఇంకేం చేస్తాడు.)

పట్నంలో కరెంటు పని చేసే చిన్నల్లుడు ఒక ఉపాయం చెప్పాడు. పెద్ద పెద్ద ఇళ్లలో నేల కింద వేడెక్కే తీగలు పరుస్తారట. రెండు చుట్టల తీగ తెచ్చి గది మొత్తం వేస్తానన్నాడు. ఎండాకాలం నిప్పులా కాలే మన నేలను మళ్లీ కరెంటు పెట్టి కాచడమేమిటని గంటసేపు దులిపి, ఆఖరికి తీర్పు కూడా నేనే చెప్పాను.

"గదంత ఎందుకు అల్లుడా? కాళ్లుండేది గుంటల. గుంటల వెయ్యి, చాలు."

"మామను గూడ జర అడుగుదామా అత్తమ్మా?"

"ఆయన్ను అడిగేదేంది? సలి ఆయనకే గదా."

ఒక చుట్ట గుంట అడుగున పరిచి పైన సిమెంటు పోశారు. రెండోది అటకెక్కించాను. మూడు రోజులు ఇంటాయన కాళ్లు హాయిగా ఉన్నాయి. నేను వాడకట్టంతా చెప్పుకున్నాను. నాలుగోనాడు మగ్గం మీది పడుగు పోగులు పటుక్కు పటుక్కున తెగడం మొదలైంది. ఒకటి ముడేస్తే రెండు తెగుతున్నాయి. చీర సగంలో ఉంది. అది చెడితే గుంట పూడ్చమని కొడుకు మళ్లీ ఎత్తుకుంటాడు. నూలు అమ్మినవాణ్ణి తిట్టాను, గంజిని తిట్టాను, అల్లుణ్ణి కూడా వదల్లేదు. ఇంటాయన స్విచ్చి ఆపి, గుంటలో తడి గోనెపట్టా పరిచాడు.

"గుంట సల్లగుండేది నా కాళ్ల కోసం కాదే, నూలు కోసం. తేమ లేకుంటే పోగు నిలుస్తదా? నేత ఇంట్ల పుట్టినవ్, గీది మర్సినవా?"

(మా బాపు ఎండాకాలంలో గుంట చుట్టూ నీళ్లు చల్లమని పురమాయించేది నన్నే. ఆ సంగతి ఆ రోజు నోరు విప్పి చెప్పలేదు.)

చీర గట్టెక్కింది. అటక మీది చుట్ట ఎక్కడ వేయాలో ఈసారి ఇంటాయననే అడిగాను. గంటకోసారి పైకొచ్చి కాళ్లు కాచుకుంటానని, గుంట పక్కన నేను కండెలకు నూలు చుట్టే చోట బండ కింద వేయించమని చెప్పాడు. ఇప్పటికీ చలికాలం పొద్దున గుంటలోంచి లేచొచ్చి, జర జరుగమంటూ నా పక్కన కాళ్లు చాపుతాడు. (ఆ వెచ్చటి బండ మీద ఎక్కువసేపు కూర్చునేది ఎవరని అడగకండి.) అప్పుడు ఎవరినీ అడగకుండా గుంటను కాచిన ఆ అరవయ్యేళ్ల పడుచు గుర్తొస్తుంది, ఎంత ధీమా దానికి అని నవ్వొస్తుంది. ఎందుకు నవ్వుతున్నావని ఆయన అడిగితే, కండె తిప్పడం ఆపకుండా, ఏం లేదంటాను.