కాళ్లకు వేసిన బెల్టు

2023 ఎండాకాలం. జనగామలో ఒక స్కానింగ్ సెంటర్‌లో నేను ఎంఆర్‌ఐ టెక్నీషియన్‌ని. మాది మహబూబాబాద్ దగ్గర పల్లె. భూపాలపల్లిలో మూడేళ్లు ఎక్స్‌రేలు తీసి, తర్వాత ఈ మిషను ముందుకొచ్చి కూర్చున్నాను. అప్పటికి నా సర్వీసు పదకొండేళ్లు. ఇన్నేళ్లలో నాకు మంచి పేరు తెచ్చిన కేసులు కొన్ని ఉన్నాయి. ఇది వాటిలోది కాదు.

నా సంగతి ముందే చెప్పాలి. నాకు చేతివేగం మీద పొగరు. ముప్పావుగంట పని అరగంటలో తెమిల్చేస్తానని మా ఓనరు నలుగురిలో అంటే పొంగిపోయేవాణ్ణి. కోపం ముక్కు మీదే ఉండేది. కదిలే పేషెంటంటే ఒళ్లు మంట. ఎంఆర్‌ఐలో మనిషి కదిలితే బొమ్మ మసకబారుతుంది. దాన్ని మోషన్ ఆర్టిఫాక్ట్ అంటాం. అది వచ్చిందంటే ఆ భాగం మళ్లీ మొదటినుంచి తీయాలి. ఈలోగా బయట లైను పెరుగుతుంది, ఓనరు ఫోను మోగుతుంది.

ఆ రోజు పొద్దున్నే వచ్చిన పేషెంటు సుజాత. ముప్పై నాలుగేళ్లుంటాయి. తరిగొప్పుల వైపు వ్యవసాయ కుటుంబం. భర్త రాజిరెడ్డి కారులో తీసుకొచ్చాడు. ఆమె జబ్బును డాక్టర్లు ఎన్‌ఎఫ్ టూ అంటారు. వంశంలో వచ్చే జబ్బు. చెవి నరాల మీద, మెదడు పొరల మీద, వెన్నుపాము చుట్టూ గడ్డలు లేస్తుంటాయి. అవి సాధారణంగా క్యాన్సర్ గడ్డలు కావు గానీ, పెరిగితే పక్కనున్న నరాన్ని నలిపేస్తాయి. ఆమె తండ్రి దీంతోనే మంచం పట్టి పోయాడట. అందుకే ఏటా ఒకసారి మెడ నుంచి నడుము దాకా వెన్నంతా స్కాన్ తీయించి, ఏ గడ్డ ఎంత పెరిగిందో చూసుకోవాలి. పెరుగుదల ముందే కనిపెడితే, కాళ్లు పడిపోకముందే ఆపరేషన్ చేయవచ్చు. ఆమె ఏటా వచ్చి ఆ గొట్టంలో పడుకునేది తన కాళ్ల కోసం.

రాజిరెడ్డి నన్ను తలుపు దగ్గరే ఆపాడు.

"సార్, మా ఇంటామెకు చెవులు జర తక్కువ వినొస్తయి. లోపల మీరు మైకుల చెప్పేది అర్థం గాదు. జర చెయ్యి తట్టి చెప్పుండ్రి."

"మిషన్ల ఎవ్వరికీ వినరాదన్నా. చప్పుడే అంత. కదలకుంట పండుకుంటె చాలు," అన్నాను. అప్పటికే నా చెయ్యి తలుపు మీద ఉంది.

మెడ భాగం బాగానే వచ్చింది. వీపు భాగం మొదలుపెట్టగానే బొమ్మ చెదిరింది. అద్దంలోంచి చూస్తే ఆమె రెండు కాళ్లూ దుప్పటి కింద ఎగిరెగిరి పడుతున్నాయి. మైకులో "కదలొద్దమ్మా" అన్నాను. రెండోసారి గట్టిగా అన్నాను. మూడోసారి అరిచాను. ఆమెకు వినబడదని భర్త చెప్పి అరగంట కూడా కాలేదు, అయినా నా బుర్రకు తట్టలేదు. మిషను ఆపి, విసురుగా లోపలికి వెళ్లి టేబుల్ బయటికి లాగాను.

ఆమె నా పెదాలవైపు చూస్తూ అంది. "నేను కదుల్త లేనన్నా. కాళ్లు అవే ఎగురుతున్నయి. ఎల్లకిల పండుకుంటె చాలు, గిట్లనే గుంజుతున్నయి. పోయినేడు గిట్ల లేకుండె."

దానికి నేనన్న మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

"నీ కాళ్లు నీ మాట ఇనకపోతె ఇంకెవరి మాట ఇంటయమ్మా?"

పక్కనున్న నర్సు నవ్వింది. ఆమె నవ్విందని నాకు ఇంకా హుషారొచ్చింది. బెల్టు తెచ్చి సుజాత తొడల మీద ఒకటి, మోకాళ్ల కింద ఒకటి బిగించాను. గడ్డలు తెల్లగా వెలిగి కనబడడానికి నరంలోకి ఎక్కించే మందును కాంట్రాస్ట్ అంటాం. అది ఎక్కించి మళ్లీ తీశాను. కాళ్లు బెల్టు కింద కూడా కొట్టుకుంటూనే ఉన్నాయి. మెడ శుభ్రంగానే వచ్చింది, కాళ్లు కాస్త ఆగినప్పుడు నడుమూ వచ్చింది. వీపు భాగం మాత్రం నీళ్లలో పడిన అద్దకంలా అలికినట్టుంది. మళ్లీ తీస్తే పదిహేను నిమిషాలు పడుతుంది. బయట ఏడుగురున్నారు. అందులో ఒకాయన లీడరు గారి బామ్మర్ది, అప్పటికే రెండుసార్లు ఫోను చేయించాడు. పోనీలే అనుకున్నాను.

మా సెంటర్లో బొమ్మలు చూసి రిపోర్టు రాసే రేడియాలజిస్టు హైదరాబాదులో ఉంటారు. ఇక్కణ్ణుంచి కంప్యూటర్లో పంపిస్తాం. ఆయన పేషెంటును చూడరు, మాట వినరు. టెక్నీషియన్ టైపు చేసి పంపే రెండు ముక్కలే ఆయనకు కళ్లూ చెవులూ. బొమ్మ ఎందుకు చెడిందో ఫారంలో దానికున్న గడిలో రాయాలి. ఇలాంటప్పుడు మేం వాడే మాట ఒకటి తయారుగా ఉండేది: పేషెంట్ నాన్ కోఆపరేటివ్. అంటే చెప్పిన మాట వినలేదని. ఆ మాట పడితే తప్పు టెక్నీషియన్‌ది కాదు, మిషనుది కాదు. నేను అదే కొట్టి పంపేశాను.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. మెడలో, నడుములో గడ్డలు పోయినేటిలాగే ఉన్నాయని, వీపు భాగం కదలిక వల్ల స్పష్టంగా లేదని, అవసరమైతే మళ్లీ తీయాలని. కవరు అందుకుంటూ రాజిరెడ్డి అడిగాడు.

"ఏమన్న పెరిగినయా సార్?"

"పోయినేటి లెక్కనే ఉన్నయట అన్నా."

ఆయన మొహం తేటపడింది. చివరి వాక్యం నేను చెప్పలేదు. మళ్లీ తీయాలంటే పని సగం చేశానని ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. సుజాత పక్కనే గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. పడిపోకుండా అలా ఆనుకుందని అప్పుడు నేను గమనించలేదు.

దసరా ముందు రేడియాలజిస్టు గారి నుంచి ఫోను వచ్చింది. ఆయన ఎప్పుడూ నాకు నేరుగా ఫోను చేయరు.

"ఎండాకాలంలో ఒక ఎన్‌ఎఫ్ టూ కేసు పంపావు, సుజాత అని. గుర్తుందా?"

"ఉంది సార్."

"నాన్ కోఆపరేటివ్ అని రాశావు. అసలు ఆమె ఏం చేసింది?"

"కాళ్లు కొట్టుకున్నయి సార్. అవే ఎగురుతున్నయి అన్నది."

"వెన్నుపాము నొక్కుకుపోతుంటే కాళ్లు అలాగే ఎగురుతాయి. అది జబ్బు ముదిరిందనడానికి గుర్తు. ఆ ఒక్క ముక్క రాసుంటే వీపు మళ్లీ తీయమని ఆ రోజే పట్టుబట్టేవాణ్ణి. పది రోజుల కింద ఆమెకు రెండు కాళ్లూ పడిపోయాయి. ఇక్కడ హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. ఆలస్యమైపోయింది."

ఫోను పెట్టేశాక ఆ పాత బొమ్మలు తెరిచి చూశాను. తెలిసి చూస్తే ఆ మసకలోనే, రెండు భుజాల నడుమ, తెల్లటి ముద్ద ఒకటి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ బొమ్మను ఎంతసేపు చూశానో. జబ్బు నా కళ్లముందే దుప్పటి కింద ఎగిరెగిరి పడి తనను తాను చూపించుకుంది. నేను దాన్ని బెల్టేసి కట్టేశాను. ఇంట్లో నా భార్యకు కూడా చెప్పలేదు. ఎవరైనా నా పనితనం మెచ్చుకుంటే తల కొట్టేసినట్టయ్యేది.

సంక్రాంతి దాటాక సుజాత మళ్లీ వచ్చింది. ఆపరేషన్ తర్వాత చూడాల్సిన స్కాన్. రాజిరెడ్డి చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు. ఇప్పుడు ఆమెకు చెవులు పూర్తిగా పోయాయి. ఒళ్లో ఒక రూళ్ల నోటుబుక్కు ఉంది. చెప్పాల్సినవి అందులో రాస్తే చదువుకుంటుంది. నన్ను చూసి గుర్తుపట్టి, నొచ్చుకుంటున్నట్టు నవ్వింది.

"ఈసారి నిన్ను సతాయియ్యనన్నా. కాళ్లు కదుల్తనే లేవు."

ఆమె నాకు సంజాయిషీ చెప్పుకుంటోంది. నాకు. భూమి రెండుగా చీలితే బాగుండును అనిపించింది. ఏమీ ఎరగనట్టు టేబుల్ మీదికి ఎక్కించి స్కాన్ తీసి పంపిస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ ఆమె నోటుబుక్కు నా చేతికి ఇచ్చి, ఏం చెయ్యాలో రాయమని ఎదురుచూస్తోంది. మోకాళ్ల మీద కూర్చుని రాశాను.

"ఆ రోజు కాళ్లు అవే ఎగురుతున్నయని నువ్వు చెప్పినవు. నేను నమ్మలేదు. డాక్టరుకు ఆ మాట రాయలేదు. నువ్వే మాట వినలేదని రాసిన. రిపోర్టుల మళ్ల తియ్యాలని ఉండె, అది గూడ మీకు చెప్పలేదు. తప్పు నాది."

ఆమె వేలు పెట్టుకుని ఒక్కో పదం చదివింది. వెనకనుంచి రాజిరెడ్డి కూడా చదివాడు. కుర్చీ పిడి మీద ఆయన వేళ్లు బిగుసుకున్నాయి. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. సుజాత మళ్లీ మొదటినుంచి చదివి పుస్తకం మూసింది.

"గీ మాట గా దినమే గా డాక్టరుకు రాసేదుండె గదన్నా," అంది.

తన గొంతు తనకు వినబడదు కాబట్టి ఆ మాట పెద్దగా వచ్చింది. హాల్లో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. ఆమె అరవలేదు, ఏడవలేదు. అడిగింది, అంతే.

మా సెంటర్లో ఇప్పుడు నాన్ కోఆపరేటివ్ అని టైపు చేయనివ్వను. కొత్తగా చేరిన టెక్నీషియన్లకు మొదటి రోజే సుజాత సంగతి చెబుతాను, నేనన్న మాటతో సహా. ఏం కదిలింది, ఎట్లా కదిలింది, అడిగితే పేషెంటు ఏమంది, ఉన్నదున్నట్టు రాయమంటాను. రెండు లైన్లు, నిమిషం పని. ఆ నిమిషం నేను సుజాతకు ఇవ్వలేదు.