సన్యాసమ్మ పిన్ని చిక్కుడు పాదు

మొన్న ఉదయం మేడమీద చిక్కుడు పాదుకు నీళ్ళు పోస్తూ, ఊరికే ఒక ఆకు తుంచి నలిపాను. ఆ పచ్చి వాసన తగలగానే కొత్తవలస రైల్వే క్వార్టర్ల వెనక పెరడు కళ్ళముందుకొచ్చింది. ఆ పెరట్లో, పందిరి కింద పీట వేసుకుని, తల పైకెత్తి కూర్చున్న సన్యాసమ్మ పిన్ని కూడా వచ్చింది. ఆవిడ నాకు చుట్టం కాదు. పక్క క్వార్టరులో ఉండే గార్డుగారి భార్య. నేనెరిగిన వాళ్ళలో చూడడమంటే ఏమిటో తెలిసిన మనిషి ఆవిడ. మిగతావాళ్ళం కళ్ళున్నాయి కనుక చూస్తున్నాం, అంతే.

అవి అరవైల చివరి రోజులు. కొండలమీదికి కొత్త లైను వచ్చిన సందడిలో ఉంది కొత్తవలస. బుకింగ్ క్లర్కును పెళ్ళాడి నేను కాపరానికి వచ్చాను. విజయనగరంలో అద్దె వాటాలో పెరిగినదాన్ని, కుండీలో తులసి తప్ప మొక్కంటే తెలియదు. పిన్నిది పాతపట్నం పక్క వ్యవసాయం ఇల్లు. పెళ్ళిసారెలో వాళ్ళమ్మ గుప్పెడు చిక్కుడు గింజలు కట్టి ఇచ్చిందట. ఊదారంగు అంచుతో అరచేయంత కాయ కాసేది ఆ పాదు. ఎక్కడికి బదిలీ అయితే అక్కడ ఆ గింజే పాతేది. వాళ్ళమ్మ పోయింది, అన్నదమ్ములు ఆ పెరడు జీడితోటలో కలిపేశారు. “ఈ ఇత్తనం ఇంకెక్కడా లేదే. ఈ ఏడు కాయకపోతే మా యమ్మ సేతి కూర ఇంక లేనట్టే,” అంది ఒకసారి, తీగ పందిరిమీదికి మళ్ళిస్తూ. మామూలుగానే అంది. 

కార్తీకంలో మబ్బు పట్టి నాలుగు రోజులు వదల్లేదు. పూత కొసలన్నీ నల్లబడ్డాయి. దగ్గరికెళ్ళి చూస్తే రసం పీల్చే సన్నటి పేను, తాడుకు తారు పూసినట్టు. ముట్టుకుంటే జిగురు. పిన్ని ఏమాత్రం కంగారుపడకుండా, పుట్టింట్లో చేసే వైద్యమే చేసింది. తెల్లారి మంచు ఆరకముందే బూడిద జల్లింది. కానీ రైల్వే కాలనీలో అందరివీ బొగ్గు కుంపట్లే. ఆ బూడిద గరుకుగా అట్టకట్టి ఆకుల అంచులు మాడ్చేసింది, పేను మాత్రం నిక్షేపంలా ఉంది. నేనైతే మబ్బుల్నో మొగుణ్ణో తిట్టుకునేదాన్ని. ఆవిడ మాడిన ఆకొకటి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, “బూడిదంటే బూడిదే అనుకున్నాను. మాది కట్టెల పొయ్యి కదా, ఇది బొగ్గు. నా సేత్తో నేనే కాల్సుకున్నాను,” అని లేచి, ఒక్కొక్క ఆకూ తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం గార్డు బాబాయి దోమల మందు జల్లేవాళ్ళ దగ్గర తెల్లపొడి సంపాదించి తెచ్చాడు. “ఇది కొట్టీ. ఒక్క దెబ్బకి పోతాది,” అన్నాడు. ఆవిడ పొట్లం విప్పనైనా విప్పలేదు. “పేనూ పోతాది, పేన్ని తినీదీ పోతాది. రేపటికి సూద్దాం ఉండు,” అంది. ఆయన నాకేసి చూసి, “మీ పిన్నికి పురుగులు కూడా చుట్టాలేనమ్మా,” అని నవ్వి లోపలికెళ్ళాడు. నాకు మాత్రం భయమేసింది. పూత కళ్ళముందే ఎండిపోతుంటే ఈ మనిషి చూద్దామంటుందేమిటి అనుకున్నాను.

మర్నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. “పేన్ని కాదు, సీమల్ని సూడు. పందిరి రాటంట ఎందుకెక్కుతన్నాయి?” చీమలు పేను దగ్గరికెళ్ళి తియ్యటి జిగురు తాగుతున్నాయి. దాని జోలికి వచ్చే పురుగుల్ని తరుముతున్నాయి కూడా. మనం ఆవును కాచుకున్నట్టు అవి పేనును కాచుకుంటున్నాయి. బాబాయి చేత ఇంజను గ్రీజు తెప్పించి, గుడ్డలకు పట్టించి, రాటలకూ పాదు మొదలుకూ చుట్టింది. పేను బాగా ముదిరిన కొసలు తుంచి బకెట్లో ముంచింది. అప్పుడే ఒక ఆకుమీద ముళ్ళముళ్ళుగా, నల్లగా, బల్లిపిల్లలాంటి పురుగొకటి పాకుతుంటే నేను నలపబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

“ఏటి సేస్తన్నావే పిల్లా. అది మనదే. ఏటి తింటన్నాదో సూడు.”

చూశాను. ఒక్కో పేనునూ పట్టి జుర్రుకుంటోంది. చీమల కాపలా పోయాక అలాంటివి ఎక్కడెక్కడినుంచో ఇంకా వచ్చాయి. రోజూ వంట కాగానే వెళ్ళి కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకు ఆ పురుగులు ఆకు వెనక తోకతో అంటుకుని కదలడం మానేశాయి. చచ్చిపోయాయేమో అని నేను బెంగపెట్టుకుంటే పిన్ని నవ్వింది. ఒక పొద్దున్నే గోడ అవతలినుంచి పిలిచింది. గూడు వీపుమీద చిట్లి, లేత పసుపురంగు పురుగు ఒకటి బయటికొచ్చింది. ఒంటిమీద ఒక్క మచ్చ లేదు. ఎండపొడ తగిలి ఒళ్ళు ఆరుతున్నకొద్దీ రంగు ముదిరింది. ఎవరో కనబడని చేత్తో దిద్దుతున్నట్టు ఒక్కొక్క చుక్కా పైకి తేలింది. అక్షింతల పురుగు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే, అది ఇలా పుడుతుందని నాకు తెలియదు. నాకు దణ్ణం పెట్టాలనిపించింది, పురుగుకో పిన్నికో చెప్పలేను.

పాదు తేరుకుంది కానీ పూత సగం పోయింది. ఆలస్యంగా పట్టిన కాయలు ఇంకా పచ్చిగా ఉండగానే బాబాయికి కొండమీది స్టేషనుకు బదిలీ వచ్చింది. సామాను లారీ ఎక్కించాక కూడా పిన్ని పందిరి కిందే ఉంది. “ఎండి గలగలలాడినాకే కొయ్యి. నీకు కావలసినయ్యి ఉంచుకుని నాకు అంపు,” అంది. ఆవిడ పుట్టిల్లంతా నా చేతిలో పెట్టి వెళ్ళింది. ఆ శీతాకాలమంతా వానమబ్బు కనబడితే పెరట్లోకి పరిగెత్తేదాన్ని. కాయలు ఎండాయి. గింజలు పాత జాకెట్టు గుడ్డలో మూటకట్టి పంపాను. ఒక గార్డు ఇంకో గార్డుకు ఇచ్చుకుంటూ పైకి చేర్చారు.

తరవాతి ఏడు మాఘంలో అదే జాకెట్టు గుడ్డ అదే దారిన దిగి వచ్చింది. పిన్నికి చదువు రాదు, ఉత్తరం లేదు. ముడి విప్పితే బూడిద. మెత్తగా, తెల్లగా, పొగవాసనతో కట్టెల బూడిద. వేలు పెట్టి కెలికితే లోపల పెద్ద పెద్ద చిక్కుడు గింజలు. కొండమీద కట్టెల పొయ్యి దొరికిందన్నమాట. తన పాదు కాసిందన్నమాట. గింజకు పురుగు పట్టకుండా, నా పాదుకు పేను పడితే జల్లుకోవడానికి కూడా సరిపోయేలా, గుడ్డ నిండా పోసింది.

మళ్ళీ ఆవిణ్ణి చూడలేదు. మొన్న నేను నలిపిన ఆకు ఆ గింజలదే. దాని పక్క కొస నల్లబడి ఉంటే మా కోడలు మందు సీసా పట్టుకొచ్చింది. ఉండమని, పీట తెచ్చుకుని కోడలికి పక్కన చోటిచ్చాను. “ముందు సీమల్ని సూడు,” అన్నాను. నా నోట ఆ మాట పిన్ని యాసలోనే వచ్చింది.