తెర దాటిన మాట

సూర్యాపేటలో మా సందు చివరి క్లినిక్‌లో, డాక్టరు గది గుమ్మానికి వేలాడే ఆకుపచ్చ తెర నుంచి డెట్టాల్ వాసన వస్తుంటే, పక్క కుర్చీలో ముసలిదైపోయిన మా అమ్మ కూర్చుని ఉన్నా సరే, నేను ఎనిమిదేళ్ల పిల్లనైపోతాను.

అప్పుడు మాది మునగాల దగ్గరి పల్లె. ఎనభైల చివరి రోజులు. తంగేడు పూసి, బతుకమ్మ దగ్గరపడి, వేయించిన నువ్వుల వాసనతో, మలీద ముద్దల కోసం దంచిన బెల్లం వాసనతో ఇళ్లన్నీ నిండిపోయే ఆ కాలంలో కూడా మా అమ్మకు ఊపిరి సలిపేది కాదు. బావికి పోయినా, నాట్లకు పోయినా, బతుకమ్మ ఆడినా పక్కన నాయనమ్మ ఉండాల్సిందే. మేం ముగ్గురం ఆడపిల్లలం, నేను పెద్దదాన్ని. నాయనమ్మకు మనవడు కావాలి. నాన్న తల్లి మాట జవదాటడు.

బుధవారం ఒక్కటే అమ్మది. ఆ రోజు చంటిదానికి సూదులు, మందులు అంటూ సర్కారు దవాఖానకు, అంటే రోడ్డు పక్కనున్న ఒంటిగది పెంకుటింటికి పోయేది. కోదాడ వైపు నుంచి బస్సులో వచ్చే నర్సమ్మ ఆ గది గుమ్మానికి తన పాత నీలం చీరను తెరగా కట్టింది. ఊళ్లోనే సంచీతో తిరిగే సూదుల డాక్టరు ఉన్నా, ఆడవాళ్లు ఎర్రటి ఎండలో అంత దూరం నడిచేది మందుల కోసం కాదు, మందులు అక్కడ ఎప్పుడూ అరకొరే. ఆ తెర కోసం, "కాస్త చీటీల వరసలో నిలబడండి పెద్దమ్మా" అని అత్తలను మెత్తగా బయటికి పంపే ఆమె నేర్పు కోసం, అడిగాక జవాబు వచ్చేదాకా కూర్చునే ఆమె ఓపిక కోసం. అలా ఒకసారి బయటికి పంపినందుకే నాయనమ్మ అలిగి ఆ గడప తొక్కడం మానేసి, తన బదులు నన్ను పంపేది.

"నర్సమ్మతోని మీ అమ్మ ఏం ముచ్చట వెడ్తదో జర ఇని జెప్పు బిడ్డా" అంటూ కొంగు ముడిలోని బెల్లం ముక్క చూపించేది. నాకు ఆ ముడి తప్ప మరేదీ కనపడేది కాదు.

ఆ బుధవారం నర్సమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, కోళ్లను లోపలికి రానివ్వొద్దని పని చెప్పింది. నేను కచ్చకాయలు ఆడుతున్నట్టే ఉండి చెవి తెరకు ఆనించాను.

"ఇంకొక్క కాన్పంటే నా వల్ల గాదు నర్సమ్మా. నడుం లేస్తలేదు. మా అత్తకు తెలిస్తే బతకనియ్యదు." అమ్మ ఏడుస్తోంది. ఇంట్లో ఆమె ఏడవగా నేనెప్పుడూ వినలేదు.

"వచ్చే బుధవారం రా తల్లీ, కాన్పు రాకుండా లూపు వేస్తాను. నీ మాట ఈ తెర దాటిపోదు" అంది నర్సమ్మ.

దాటింది. నేనే దాటించాను. ఇంటికి రాగానే, "అమ్మకు ఇగ పిల్లలొద్దంట, వచ్చే బుధారం లూపు ఏస్తరంట" అని గడగడా అప్పజెప్పాను. నాయనమ్మ అరవలేదు, కొట్టలేదు. బెల్లం నా నోట్లో పెట్టి తల నిమిరింది. మళ్లీ బుధవారం తెల్లారగానే చంటిదాన్ని చంకనేసుకుని, "నువ్వు ఇల్లు సూస్కో, సూది నేనేపిచ్చుకొస్త" అని తనే బయల్దేరింది. అమ్మ గడపలో నిలబడి ఒక్కసారి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

కొన్నాళ్లకు నర్సమ్మే ఇంటికి వచ్చింది. "కాసిన్ని మంచినీళ్లివ్వు తల్లీ" అంటూ అమ్మ వెనకే వంటింట్లోకి నడవబోతే, నాయనమ్మ మంచం అడ్డంగా లాగి కూర్చుంది. నీళ్ల చెంబు కూడా తనే అందించింది.

"ఏమన్నుంటే నాకు జెప్పు. దానికేం తెల్వదు."

నర్సమ్మ ఆ నీళ్లు తాగి వెళ్లిపోయింది. మళ్లీ బతుకమ్మ నాటికి మా ఇంట్లో నాలుగో ఆడపిల్ల పుట్టింది. అమ్మ నడుం మరి నిటారు కాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆనాటి నుంచి నేను ఎప్పుడు అడిగినా "ఏం లేదు బిడ్డా" అనడమే తప్ప తన నొప్పి నా ముందు చెప్పలేదు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, క్షమించమని అడిగే ధైర్యం మాత్రం ఈనాటికీ రాలేదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ పెంకుటిల్లు పోయింది. నాయనమ్మ పోయింది. నర్సమ్మ ఎక్కడుందో తెలియదు.

"ఏం బాధమ్మా?" అని ఇవాళ ఈ క్లినిక్‌లో డాక్టరమ్మ అడిగింది.

అమ్మ నా వైపు చూసి, "ఏం లేదమ్మా, జర నడుం నొస్తది, గంతే" అంది.

నేను లేచాను. "నేను బయటుంటనమ్మా, నువ్వు జెప్పు" అని తెర లాగి వరండాలోకి వచ్చాను. అక్కడ కుర్చీ ఉంది. కానీ తెర వెనక అమ్మ గొంతు మొదలవడం అక్కడికి వినిపించింది. గబగబా మెట్లు దిగి, ఆటోల మోతలో నిలబడ్డాను.

అరగంట దాకా అమ్మ బయటికి రాలేదు.