మేనమామ ఒడి కోసం ఎస్.కోట వెళ్ళాను

మా పాపకి చెవులు కుట్టించాలి, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి. ఆ మేనమామతో, అంటే మా అన్నతో, నాకు ఏడేళ్ళుగా మాటల్లేవు. అమ్మ పోయిన పదో రోజున చుట్టాలందరి ముందూ వదినని పట్టుకుని, "మా అమ్మకి కడుపునిండా అన్నం పెట్టలేదు నువ్వు" అన్నాను. ఆఖరి నెలల్లో అమ్మకి ముద్ద గొంతు దిగేది కాదని తర్వాత డాక్టరు చెబితే తెలిసింది. తెలిశాకైనా తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు, అంత పొగరు నాది. మొన్న పిలుపు కార్డు ఫోన్లో పంపాను. అన్న చూశాడు, జవాబివ్వలేదు. సిగ్గేసి నేనే బయల్దేరాను.

విశాఖ కాంప్లెక్సులో ఎనిమిదిన్నరకి ఎక్కిన బస్సు కొత్తవలస మీదుగా వెళ్ళి పదిన్నర దాటాక ఎస్.కోటలో దింపింది. టికెట్టు వంద లోపే. అక్కడి నుంచి మా ఊరికి షేర్ ఆటో ముప్పై రూపాయలు, కాకపోతే నిండేదాకా కదలదు. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఎవులింటికమ్మా?" అన్నాడు. చెప్పాను. "ఆయనికి సెల్లెలున్నాదని ఎప్పుడూ ఇన్లేదే," అన్నాడు. రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

అన్న గుమ్మంలోనే ఉన్నాడు. "దారి తెలిసినాదేటే?" అని పక్కకి తప్పుకున్నాడు. వదిన వసారాలో చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతోంది. బొట్టు పెట్టి పిలుద్దామని కుంకుమ భరిణె తీస్తే మొహం తిప్పేసుకుంది.

"ముందు అన్నం తిను. పిలుపు తర్వాత," అంది.

వేడన్నం, పప్పు, వంకాయ ఉల్లికారం. చాలన్నా వినకుండా వడ్డిస్తూనే ఉంది. మూడోసారి వేసేసరికి నాకు ఏడుపొచ్చేసింది. "తప్పు మాటన్నాను వదినా," అన్నాను.

"కడుపు నిండినాదా?"

"నిండింది."

"ఆ మాట నాకెందుకు సెప్తావు? ఆ రోజు ఎవుల ముందర అన్నావో ఆళ్ళ ముందర సెప్పు. పాప సెవులు కుట్టే కాడికి ఆళ్ళంతా వస్తారు గదా."

వదిన గరిటె కింద పెట్టి, "ఇప్పుడెట్టు బొట్టు," అంది.

తిరుగు బస్సులో ఆలోచిస్తే అర్థమైంది. నేను వెళ్ళింది అన్న ఒడి కోసమే, వదిన కోసం కాదు. అది ఆవిడకి నన్ను చూడగానే తెలిసిపోయింది. పదిమందిలో నేనన్న మాటని వంటింట్లో సర్దేసుకుందామనుకున్నాను. ఇప్పుడు ఆ పదిమందిలోనే నిలబడి చెప్పాలి. భయంగా ఉంది, కానీ చెప్తాను. మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒకటే సలహా. భోజనం వేళకి చేరే బస్సు పట్టుకోండి, దారిలో ఏమీ తినకండి.