వేలెడు లోపలికి

మా అమ్మ దర్జీ. ఆ పని నేర్పింది అమ్మమ్మ. ఆవిడది ఒకటే సూత్రం: సుద్దతో గీత గీశాక మగపిల్లల బట్టను గీతకు వేలెడు బయటికి కత్తిరించాలి, ఆడపిల్లలదైతే వేలెడు లోపలికి. వాడు ఎదుగుతాడు కదా అనేది. మరి ఇది ఎదగదా అని అడిగితే, "మొక్కై వంగనిది మానై వంగునా" అని నోరు మూయించేది.

ఆ బిగుతు గౌన్లలో అమ్మ భుజాలు ముడుచుకునే పెరిగింది. చెయ్యెత్తితే చంక దగ్గర కుట్టు పటపటమనేది, అందుకని ఎత్తేది కాదు. పై అరలో డబ్బా కావాలన్నా ఎవరినో పిలిచేది. చూసినవాళ్ళు "ఎంత ఒద్దికో!" అని మెచ్చుకునేవారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అమ్మమ్మ పోయిన ఏడాది నాకు ఏడేళ్ళు. "నా కూతురికి మాత్రం చేతులు బారచాపేంత వదులుగా కుడతాను," అంటూ అమ్మ పసుపు రంగు గుడ్డ తెచ్చింది. గీత మీదే కత్తిరించానంది. గౌను బిగుతుగా వచ్చింది. గుడ్డ ముడుచుకుపోయి ఉంటుందని, ఈసారి తడిపి ఆరేసిన గుడ్డతో కుట్టింది. మళ్ళీ బిగుతే. తప్పు కత్తెరదని కొత్తది కొంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా పని అని తనే నవ్వుకుంది కూడా.

మూడోసారి నన్ను బల్ల పక్కన నిలబెట్టుకుంది. మిట్టమధ్యాహ్నం, కిటికీ తెరిచే ఉంది. అమ్మ చూపు గీత మీదే ఉంది. కత్తెర మాత్రం వేలెడు లోపలగా, తొందరేమీ లేకుండా వెళ్తోంది. ఆ చేతి చిటికెన వేలు పైకి లేచి ఉంది. అమ్మమ్మ కత్తెర పట్టుకునేది అలాగే.

"అమ్మా, లోపలికి పోతోంది," అన్నాను.

"ఎక్కడే? గీత మీదే ఉందిగా!"

వేలు పెట్టి చూపించాను. అమ్మ ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. కత్తెర ఎడమచేతికి మార్చుకుంది. ఆ చేత్తో తనెప్పుడూ కత్తిరించి ఎరగదు, వంకరటింకరగా పోతుందనుకున్నాను. చక్కగా పోయింది, వేలెడు లోపలికే. ఆ చేతి చిటికెన వేలూ లేచింది. నాకు భయమేసింది.

అయినా పంతం కొద్దీ కుట్టి, నాకు తొడిగి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"నిజం చెప్పు తల్లీ. బిగుతుగా ఉందా?"

అవునంటే ఏడ్చేస్తుందని తెలుస్తూనే ఉంది.

"లేదమ్మా, బానే ఉంది. ఊపిరి కొంచెం కొంచెంగా పీల్చుకుంటే సరిపోతుంది."