నల్లరాళ్ల మీద సున్నా, రెండు గీతలు

బాగ్దాద్ నుంచి అమ్మాన్ దాకా ఎక్కడా టీలో పాలు పోయరు. దీని మీద ఎవరికైనా ఫిర్యాదు చేద్దామంటే, ఆ రోజుల్లో అందరూ వేరే పనుల్లో ఉన్నారు. ఆ దారిన వెళ్లదలచినవారు పాలపొడి డబ్బా ఒకటి వెంట ఉంచుకోవడం మంచిది. వెనక సైన్యం లేనప్పుడు బయలుదేరితే ఇంకా మంచిది.

నేను కువైట్‌లో, సాల్మియాలో ఒక కంపెనీలో ఉత్తరాలు టైపు చేసేవాణ్ణి. చదివింది మాత్రం చరిత్ర, ప్రొద్దుటూరు కాలేజీలో. మా జిల్లాలోనే ముద్దనూరు అవతల, చింతకుంట దగ్గర రాళ్ల మీద ఆదిమానవులు ఎర్రరంగుతో వేసిన జింకలూ ఎద్దులూ ఉన్నాయి. సెలవుకు వెళ్లిన ప్రతిసారీ రేపు పోయి చూద్దామనుకున్నాను. ఐదు సెలవులు అలాగే గడిచాయి. ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక, ఇంటి తర్వాత నాకు ఎక్కువగా గుర్తొచ్చినవి ఆ జింకలే. చూసినవాటి మీద బెంగ పెట్టుకుంటే అర్థముంది. నాది చూడనివాటి మీద.

ఆ నెలాఖరులో ఒకరోజు ఉదయం ఐదింటికి బస్సు అన్నారు. ఆరున్నరకు కదిలింది. సాయంత్రాలు నేను కూర్చునే సముద్రపు గట్టు మీద ఇసక బస్తాలు కూర్చుని ఉన్నాయి. అక్కడ కూర్చుని ఇన్నేళ్లూ ఊరి మీద ఎంత బెంగపడ్డానో, ఊరికి బయలుదేరిన ఆ పూట ఆ గట్టు మీదా అంతే బెంగ కలిగింది.

పక్క సీట్లో సత్తిబాబు. అమలాపురం దగ్గరివాడు, సాల్మియాలో హోటల్ వంటవాడు. ఒళ్లో అట్లపెనం పెట్టుకున్నాడు.

“సైనికులు సామానంతా పట్టుకుపోయారండి. ఇది పొయ్యి మీద కాలుతోందని వదిలేశారు, ఆయ్” అన్నాడు.

ఏడింటికి రుమైథియాలో గంగులమ్మ ఎక్కింది. రాయచోటి వైపు మనిషి. ఒక ఇంట్లో పనిచేసేది. చేతిలో గుడ్డసంచి, దాని మీద బొగ్గుతో గీసిన సున్నా, సున్నా కింద రెండు నిలువు గీతలు.

“ఆ ఇంటోళ్లు దాచుకున్న పాస్‌పోర్ట్ ఎట్ల ఇచ్చినారమ్మా?” అన్నాను.

“ఆ ఇంటామె, మామానే తీసి చేతిలో పెట్టింది సార్. ఖలాస్, నువ్వన్నా పో అనింది. ఆమెకు పోను చోటు ల్యా.”

ఆమె భర్త నాగన్న మంగఫ్‌లో కూలి పని చేసేవాడు. ఐదు రోజుల ముందు అక్కడి కూలీల క్యాంపు వాళ్లందరినీ ఒక బస్సులో ఎక్కించారు. పోతూ పోతూ తెలిసినవాళ్లతో ఆమెకు కబురు పెట్టాడు: బస్సు నిలిచిన ప్రతిచోటా మన గుర్తు గీస్తాను, దాన్ని చూసుకుంటూ రా. ఇద్దరికీ చదువు రాదు. ఊళ్లో వాళ్ల గొర్రెల వీపు మీద వేసే గుర్తు ఆ సున్నా, రెండు గీతలు. గొర్రెలు తప్పిపోకుండా పనికొచ్చింది మనుషులకు పనికిరాదా అని నాగన్న లెక్క.

బస్రాకు మధ్యాహ్నం ఒంటిగంట. బస్టాండులో భోజనం: రొట్టె, టమాటా. అందరూ నీళ్ల కోసం పోతే గంగులమ్మ గోడల వెంట పోయింది. మరుగుదొడ్డి పక్క గోడ మీద దొరికింది, సున్నా, రెండు గీతలు. దాని మీద చెయ్యి పెట్టి కొంచెంసేపు నిలబడింది. బస్సెక్కాక సత్తిబాబును రెండో రొట్టె అడిగి తీసుకుంది.

మర్నాడు బాగ్దాదులో ఏ గోడ మీదా లేదు.

“ఈ ఊళ్లో గోడ మీద గీస్తే ఊరుకుంటారేంటమ్మా? గీసినా తుడిచేసుంటారు” అన్నాడు సత్తిబాబు.

జోర్డాన్ సరిహద్దు దగ్గర గుడారాల్లో రెండు రోజులు. ఇక్కడికి వచ్చేవారికి నా సలహా, నీళ్ల ట్యాంకరు రాగానే గౌరవ మర్యాదలు మరచిపోవాలి. గంగులమ్మ గుడారాల గుడ్డలూ, చెక్కపెట్టెలూ, ట్యాంకర్ల పక్కలూ అన్నీ చూసింది. ఆ గుర్తు ఎక్కడా లేదు. రెండోనాటి సాయంత్రం నా దగ్గరికొచ్చింది.

“ఆయప్ప యాడో నిలిచిపోయినాడు సార్. నేను ఎనక్కి పోతా.”

“ఎక్కడికని పోతావమ్మా? బాగ్దాదంత ఊళ్లో ఎవరిని అడుగుతావు?”

“నిలిచిన చోటల్లా గీస్తానన్యాడు. ఈడ ల్యాకపోతే ఈడికి రాల్యా. అంతే గదా?”

తర్కంలో తప్పు కనబడలేదు. ఇంకొక్క మజిలీ చూద్దాం, అక్కడా లేకపోతే నీ ఇష్టం అన్నాను. సరేనంది గానీ, సంచి మాత్రం కింద పెట్టలేదు.

మూడోరోజు తొమ్మిదింటికి జోర్డాన్ బస్సు దొరికింది. పదకొండున్నరకు ఎడారి మధ్య ఆగింది. అక్కడి నేల నిండా నల్లరాళ్లు. ఎవరో లారీలతో తెచ్చి పోసి, ఎందుకు పోశారో మరచిపోయినట్టు కనుచూపు మేరా అవే. ఇంజనుకు నీళ్లు పోయడానికి ప్రతి బస్సూ ఇక్కడే ఆగుతుందని డ్రైవరు చెప్పాడు. మమ్మల్ని పిలిచి రాళ్లు చూపించాడు.

రాళ్ల మీద బొమ్మలు. మెడ సాచిన ఒంటె, బల్లెం పట్టిన రౌతు, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి.

“మా తాతలవి కావు. తాతల కంటే ముందు ఇక్కడ తిరిగినవాళ్లవి” అన్నాడు డ్రైవరు అరబ్బీలో.

పాత గీతలు రాయిలో కలిసిపోయి, ఎండకు రాయంత నల్లబడి ఉన్నాయి. వాటి పక్కనే ముందు బస్సుల వాళ్లు గీకిన పేర్లు సున్నం పెట్టినట్టు తెల్లగా మెరుస్తున్నాయి. మలయాళం, హిందీ, తెలుగులో ఒక రాజంపేట సుబ్బయ్య.

“ఎన్నాళ్లదండీ ఈ ఒంటె?” అన్నాడు సత్తిబాబు.

“రెండువేల ఏళ్లుండొచ్చు.”

“అయితే అప్పుడూ జనం ఇటే పారిపోయారన్నమాట.”

ఆ ఒంటె దగ్గర కూర్చున్నాను. గీసినవాడికి ఒంటె మోకాలు ఎలా మడుస్తుందో బాగా తెలుసు. చింతకుంట జింకల్ని గీసినవాడికీ ఇలాగే తెలిసి ఉంటుంది. మా ఊరికి గంటన్నర బస్సు దూరంలో ఉన్నదాన్ని వదిలేసి, ఇలాంటిది చూడటానికి నేను ఒక దేశం కూలిపోయేదాకా ఆగాను.

“సార్” అని గంగులమ్మ పిలిచింది.

మోకాలెత్తు రాయి. దాని మీద సున్నా, కింద రెండు గీతలు. ఆమె ముఖం చూశాక రాయిని చూశాను. గీతలు లోపలిదాకా నల్లగా ఉన్నాయి. ఏ కాలం వాళ్లో తమ ఒంటెల మంద గుర్తు చెక్కుకున్నారు. వాళ్లకూ మందలు తప్పిపోయే భయం ఉండేది కాబోలు.

“ఆయప్పదే గదా సార్?”

ఇంటికి పోయే బస్సు ఒకవైపు, బాగ్దాదు ఒకవైపు.

“ఆయనదే” అన్నాను.

డ్రైవరు హారన్ కొట్టాడు. “యల్లా, యల్లా.”

“మీరు పదండి సార్, నేనొస్తా” అంది. రెండు నిమిషాలకు వచ్చి ఎక్కింది. అరచేతికి అంటిన తెల్లటి పొడిని చీరకు తుడుచుకుని, సంచి కింద పెట్టి, కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. కువైట్ వదిలాక ఆమె నిద్రపోవడం నేను చూసింది అదే మొదటిసారి.

అమ్మాన్‌లో రెండు రోజులున్నాం. పడుకోవడానికి స్కూలు వరండా, తినడానికి అన్నం, పప్పు. నాగన్న అక్కడా లేడు. ఆమె ఎవరినీ అడగలేదు, తొందరపడలేదు. నా అబద్ధం బాగా పనిచేస్తోందనుకున్నాను. చరిత్ర చదివి నేను చేసిన ఉపయోగకరమైన పరిశోధన అదొక్కటే.

బొంబాయి విమానం మధ్యాహ్నం నాలుగింటికి లేచింది. మొత్తం మీద ఈ ప్రయాణం ఎవరికీ సిఫార్సు చేయను. నల్లరాళ్లు మాత్రం చూడదగ్గవి. పైనుంచి కనిపిస్తాయేమోనని వెతికాను. అంతా ఒకే గోధుమరంగు. కువైట్ ఎటువైపో కూడా తెలియలేదు. సత్తిబాబు పెనం పట్టుకునే నిద్రపోయాడు.

గంగులమ్మ కిటికీ పక్కన కూర్చుంది.

“బొంబాయిలో దిగినాక వచ్చినవాళ్ల జాబితా అడుగుదాం. నాగన్న ముందే పోయింటాడు గదా” అన్నాను.

ఆమె కిటికీ నుంచి తల తిప్పలేదు.

“ముందర ల్యాడు సార్, ఎనకాల వస్తాండాడు. ఆ గుర్తు పాతదని మీకూ తెల్సు, నాకూ తెల్సు. కొత్తగా గీకితే తెల్లగా పడతాది. ఆయప్ప చూసుకుంటా రానీ అని పక్కన నేను గీకితి గదా.”